వాటాలు అల్లాహ్ నిర్ణయించాడు. కాగితాలు మనమే సిద్ధం చేయాలి

(కుటుంబ ఆస్తులు, వారసత్వ హక్కులపై జరిగిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉహుద్ యుద్ధంలో సాద్ బిన్ రబీ అనే సహాబీ షహీద్ అయ్యారు. ఆయన భార్య తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చింది. పిల్లల చిన్నాన్న ఆస్తి అంతా తీసుకున్నాడని, చేతిలో ఏమీ లేకుండా ఈ పిల్లలకు పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయని మొరపెట్టుకున్నది. అల్లాహ్ ఈ విషయంలో తీర్పు చెబుతాడని ప్రవక్త ఆమెను ఓదార్చారు. అటుపిమ్మట సూరా నిసాలోని వారసత్వ ఆయతులు అవతరించాయి. ప్రవక్త ఆ చిన్నాన్నను పిలిపించి, ఆడపిల్లలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది నీవు తీసుకో అని ఆదేశించారు.

ఈ హదీసును ఆలోచించి చూడండి. వారసత్వ ధర్మానికి నేపథ్యంగా నిలిచినది ఒక వితంతువు ఫిర్యాదు, ఇద్దరు అనాథ ఆడపిల్లల ఆకలి. కనుక ఫరాయిజ్ అంటే మౌల్వీ సాహెబ్ లెక్కగట్టి చెప్పే భిన్నాల పట్టిక మాత్రమే అనుకోవద్దు. ఇంట్లో అందరికంటె బలహీనమైన మనిషి చేతికి ఆమె హక్కు చేర్చడం దాని లక్ష్యం. మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో ఆ హక్కు ఆ చేతికి చేరుతున్నదా? చేరకపోతే ఎక్కడ ఆగిపోతున్నది? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇదే. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పని చేసిన కాలమంతా నేను చూసినది ఒకటే. చట్టం లేక పోయిన హక్కుల కంటె కాగితం లేక పోయిన హక్కులే ఎక్కువ.

చట్టం మన వైపే ఉన్నది

ముందుగా చట్టం సంగతి. 1937 నాటి ముస్లిం పర్సనల్ లా షరీఅత్ వర్తింపు చట్టం రాకముందు దేశంలో అనేక ప్రాంతాలలో ముస్లిముల ఆస్తి పంపకాలు స్థానిక ఆచారాన్ని బట్టి జరిగేవి. ఆచారం అన్నచోట సాధారణంగా ఆడపిల్లకు మిగిలేది శూన్యమే. 1937 చట్టం ఆ ఆచారాలను తొలగించి వారసత్వం, మహర్, హిబా, వక్ఫ్ వంటి విషయాలలో షరీఅత్‌నే వర్తింపజేసింది. కాని అందులో ఒక పెద్ద మినహాయింపు ఉండిపోయింది. వ్యవసాయ భూమికి అది వర్తించదు.

ఇక్కడే మన ప్రాంతపు అదృష్టం ఉన్నది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. 1949లో మద్రాసు శాసనసభ 18వ చట్టం ద్వారా ఆ మినహాయింపును తొలగించింది. నేటి ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడినది కనుక అక్కడి భూములకు కూడా ఈ సవరణే వర్తిస్తుంది. ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలలో సాగు భూమికి వేరే రెవెన్యూ చట్టం అడ్డు వచ్చి, ముస్లిం ఆడపడుచుకు అందులో షరీఅత్ వాటా దక్కదు. మన పత్తి చేనులోనూ మిర్చి చేనులోనూ మాత్రం మన కూతురికి, భార్యకు, తల్లికి చట్టబద్ధమైన వాటా ఉన్నది. డెబ్బై అయిదేళ్ళకు పైగా ఉన్నది. ఉన్నదని తెలియని కుటుంబాలు నేటికీ ఎన్నో.

ఈ సందర్భంలో మరొక మాట. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి ఉమ్మడి పౌరస్మృతి అమలులోకి వచ్చింది. అక్కడి ముస్లిములకు ఇప్పుడు వారసత్వంలో షరీఅత్ వర్తించదు. పర్సనల్ లా మన రాజ్యాంగ హక్కు అని మనం సభలు పెడుతున్నాము, వినతిపత్రాలు ఇస్తున్నాము. ఇవ్వవలసిందే. అయితే మన ఆడపిల్లలకు షరీఅత్ వాటా ఇవ్వకుండా షరీఅత్ రక్షణ గురించి మాట్లాడితే ఎదుటివాడు వేసే మొదటి ప్రశ్నకే మన దగ్గర సమాధానం ఉండదు. అమలు చేసిన చట్టాన్ని కాపాడుకోవడం సులభం. గోడకు తగిలించిన చట్టాన్ని ఎంతకాలం కాపాడగలము?

నాలుగు ఎకరాల లెక్క

ఇప్పుడు వాటాలు. మనలో అత్యధికులు హనఫీలు గనుక ఆ ప్రకారమే చెబుతాను. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదలి చనిపోయాడనుకుందాము. నాలుగు ఎకరాలు, అంటే 400 సెంట్లు ఉన్నది. పిల్లలు ఉన్నారు కనుక భార్యకు ఎనిమిదో వంతు, 50 సెంట్లు. మిగిలిన 350 సెంట్లలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. అంటే కూతురికి 70 సెంట్లు, కొడుకులకు ఒక్కొక్కరికి 140 సెంట్లు.

చనిపోయిన వ్యక్తి తల్లి బ్రతికి ఉంటే ఆమెకు ఆరో వంతు వస్తుంది. తండ్రి ఉంటే ఆయనకూ ఆరో వంతు. మన ఇళ్ళలో అందరూ మరచిపోయే వాటా ఈ ముసలి తల్లిదే. కొడుకు పోయిన దుఃఖంలో ఆమె అడగదు. అడగలేదు కనుక ఎవరూ ఇవ్వరు.

కొడుకులు లేక కూతుళ్ళే ఉన్న కుటుంబం సంగతి చూడండి. భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒక సోదరుడు ఉన్నారు. ఆస్తి నాలుగు ఎకరాల ఎనభై సెంట్లు. భార్యకు 60 సెంట్లు, కూతుళ్ళిద్దరికీ కలిపి 320 సెంట్లు, సోదరుడికి 100 సెంట్లు. సరిగ్గా సాద్ బిన్ రబీ కుటుంబంలో జరిగిన తీర్పు ఇదే. "మగపిల్లలు లేరు గనుక ఆస్తి అంతా మాదే" అనే బాబాయికీ, "ఆడపిల్లలే ఉన్నారు గనుక బాబాయికి ఏమీ లేదు" అనే అల్లుడికీ ఇద్దరికీ ఇందులో జవాబు ఉన్నది.

మరొక సంగతి గుర్తుంచుకోండి. షరీఅత్‌లో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తండ్రి జీవించి ఉండగా ఆయన సంపాదనైనా, ఆయనకు తాతల నుంచి వచ్చినదైనా ఆయనదే. కొడుకు పంచమని నిర్బంధించలేడు. వారసుల హక్కు తండ్రి కన్నుమూసిన క్షణంలో పుడుతుంది. ఆ క్షణం నుంచి అందరూ తమ తమ వాటాలకు హక్కుదారులే. పెద్దకొడుకు ఆ ఆస్తికి కాపలాదారుడు కావచ్చును గాని యజమాని కాడు.

వాటాలకు ముందు అప్పు, అప్పులలో ముందు మహర్

అయితే వాటాలు మొదటి మెట్టు కాదు. మొదట కఫన్ దఫన్ ఖర్చు. తరువాత అప్పులు. తరువాత వసీయత్. ఆ తరువాతనే వారసులు.

మన ప్రాంతంలో అప్పు లేని రైతు ఇల్లు అరుదు. మిర్చికి పెట్టుబడి లక్షలలో ఉంటుంది. బ్యాంకులో పంట రుణం, కమీషన్ వ్యాపారి దగ్గర ముందుగా తీసుకున్న సొమ్ము, పురుగుమందుల దుకాణంలో ఖాతా, ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి ప్రోనోట్లు. ఇవన్నీ ఇంటి యజమాని తలలో ఉంటాయి గాని పుస్తకంలో ఉండవు. ఆయన పోయిన నలభై రోజులలోగా అప్పులవాళ్ళు అందరూ వస్తారు. ఆయనకు బాకీ ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ రారు.

ఇక్కడ అక్కచెల్లెళ్ళు జాగ్రత్తగా వినవలసిన విషయం ఉన్నది. భర్త అప్పు ఆయన వదలిన ఆస్తి నుంచి తీరాలి. వారసులు తమకు వచ్చిన వాటా మేరకు మాత్రమే బాధ్యులు. భార్య సొంత నగలు, ఆమె పుట్టింటి భూమి, ఆమె కష్టార్జితం ఆ అప్పు కిందికి రావు. కాని దుఃఖంలో ఉన్న మనిషి ముందు కాగితం పెట్టి, "అమ్మా, నోటు తిరగరాస్తే చాలు, వడ్డీ తరువాత చూసుకుందాము" అని ఆమె పేరుతో కొత్త ప్రోనోటు వ్రాయించుకుంటారు. ఆ సంతకంతో భర్త అప్పు ఆమె సొంత అప్పు అవుతుంది. ఇద్దత్ కాలంలో ఏ కాగితం మీదా సంతకం గాని వేలిముద్ర గాని వేయవద్దు. అప్పు ఎగవేయమని నేను చెప్పడం లేదు. అప్పు తీరేవరకు ముస్లిం ఆత్మకు విశ్రాంతి లేదని మనకు తెలుసు. తీర్చవలసినది లెక్క చూసి, ఆస్తి నుంచి తీర్చాలి అని మాత్రమే చెబుతున్నాను.

ఆ అప్పులలో ఒకటి ఎవరూ లెక్కలో వేయనిది: మహర్. నికాహ్ నాడు నలుగురి ముందు ఒప్పుకుని చెల్లించని మహర్ భర్త మీద అప్పే. జనాజా ముందు "మాఫ్ చేశాను అనమ్మా" అని వితంతువును అడిగించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఆ స్థితిలో ఆమె చెప్పిన మాటను ఇష్టపూర్వకమైన క్షమ అని ఎవరైనా అనగలరా? బ్రతికి ఉన్నప్పుడే మహర్ ఇవ్వండి. నగదు లేకపోతే మహర్ కింద ఇంటినో, స్థలాన్నో భార్య పేర రిజిస్టర్ చేయండి. మహర్ కింద అలా ఇచ్చినది ఆమె సొంత ఆస్తి. రేపు తర్కాలో కలవదు.

కట్నం ఇచ్చాము కదా అనే వాదన

ఇప్పుడు మనసుకు కష్టం కలిగించే విషయానికి వస్తాను. "ఆమె పెళ్ళికి అంత ఖర్చు చేశాము, కట్నం ఇచ్చాము, జహేజ్ ఇచ్చాము. ఇంకా వాటా ఏమిటి?" ఈ మాట ప్రతి ఊరిలో వింటాము.

కట్నం ఇస్లాములో లేదు. మనం చుట్టుపక్కల ఆచారం చూసి తెచ్చుకున్నాము. అల్లాహ్ ఆదేశించనిది ఇచ్చి, ఆదేశించినది ఎగవేసి, ఒకదానికి మరొకటి చెల్లు అనడం ఏ లెక్క? పైగా ఆ కట్నం చేరినది అల్లుడికి, అతని తల్లిదండ్రులకు. వారసత్వ వాటా చేరవలసినది కూతురికి. ఇద్దరూ వేరు మనుషులు. కొడుకు చదువుకు, దుకాణానికి, గల్ఫ్ వీసాకు పెట్టిన ఖర్చును అతని వాటాలో ఎవరూ తగ్గించరు కదా!

రెండవ వాదన, "చెల్లెలు తానే వద్దన్నది." ఆమె ఎందుకు వద్దన్నది? వాటా అడిగితే ఈద్‌కు పుట్టింటి పిలుపు ఆగిపోతుందనే భయం. రేపు అత్తవారింట్లో కష్టం వస్తే తలుపు తెరిచే అన్నయ్య ఉండడేమోననే భయం. "ఆపా, ఇక్కడ ఒక్క వేలిముద్ర వేయండి" అని తమ్ముడు హక్కు విడుదల దస్తావేజు ముందు పెడితే చదవకుండా వేస్తుంది. భయంతో, మొహమాటంతో వదలుకున్న హక్కు సంతోషంతో ఇచ్చిన కానుక కాదు. దీనికి ఒక మార్గం ఉన్నది. మొదట ఆమె వాటా ఆమె పేరున రికార్డులో ఎక్కించండి. పాసుపుస్తకం ఆమె చేతిలో పెట్టండి. ఒక సంవత్సరం గడవనివ్వండి. ఆ తరువాత కూడా ఆమె తన ఇష్టంతో తమ్ముడికి ఇవ్వదలిస్తే హిబా చేయవచ్చును. అప్పుడది నిజంగా ఆమె ఇచ్చిన కానుక అవుతుంది.

సోదరీమణులకు కూడా ఒక మాట. సోదరుడు సాగు చేసుకుంటున్నంత మాత్రాన మీ హక్కు పోదు. కాని నీకు వాటా లేదని అతడు బహిరంగంగా కాదన్న తరువాత కూడా మౌనంగా ఉండి 12 సంవత్సరాలు దాటనిస్తే కోర్టు తలుపు కూడా మూసుకుపోవచ్చును.

బ్రతికి ఉండగా చేయగలిగినవి

వాటాలను మార్చే అధికారం మనకు లేదు. అయితే మన చేతిలో ఉన్నవి మూడు: వసీయత్, సంరక్షక నియామకం, హిబా.

వసీయత్, అంటే వీలునామా, అప్పులూ ఖర్చులూ పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించరాదు. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ తన ఆస్తిలో మూడింట రెండు వంతులు, పోనీ సగం దానంగా వ్రాయవచ్చునా అని అడిగితే ప్రవక్త ఒప్పుకోలేదు. మూడో వంతుకు అనుమతించి, అదీ ఎక్కువే అన్నారు. వారసులను బిచ్చమెత్తుకునే స్థితిలో వదలడం కంటె సంపన్నులుగా వదలడం మేలని బోధించారు. వారసులలో ఒకరికి వీలునామా వ్రాస్తే, మరణానంతరం మిగిలిన వారసులు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. కనుక "పెద్దోడికి ఇల్లు వీలునామా వ్రాశాను" అనే ధీమా పనికిరాదు.

మరి ఈ మూడో వంతు ఎవరి కోసం? వారసత్వంలో వాటా రాని మనవాళ్ళ కోసం. కొడుకు తండ్రి కంటె ముందే చనిపోయి, మరొక కొడుకు జీవించి ఉంటే, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. కోడలు మామగారికి ఎన్నడూ వారసురాలు కాదు. మిర్చి కల్లాల్లో పనిచేస్తూ, ఆటో నడుపుతూ, ప్రమాదాలలో చిన్న వయసులో పోయిన కొడుకులు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ పిల్లలు బాబాయిల దయ మీద ఆధారపడి బ్రతుకుతున్నారు. ఆ పిల్లలు వారసులు కారు కనుకనే తాత వారికి వసీయత్ చేయవచ్చును. షరీఅత్ తెరచి ఉంచిన ఆ తలుపును తాత వాడుకోకపోతే తప్పు షరీఅత్‌ది కాదు. పెంచుకున్న పిల్లల విషయమూ ఇంతే. వారికి వారసత్వం రాదు; వసీయత్, హిబా చెల్లుతాయి.

ముస్లిం వీలునామా నోటిమాటగా కూడా చెల్లుతుంది. కాని నోటిమాటను నిరూపించేది ఎవరు? వ్రాతపూర్వకంగా, వారసులు కాని ఇద్దరు సాక్షులతో, వారిలో ఒకరైనా వయసులో చిన్నవారై ఉండేటట్లు చేయండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టర్ చేయించండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. బ్రతికి ఉన్నంతకాలం మార్చుకోవచ్చును కూడా.

రెండవది సంరక్షక నియామకం. ఇది తెలిసినవారు చాలా తక్కువ. మన చట్టంలో మైనరు పిల్లల ఆస్తికి తండ్రి తరువాత తండ్రి నియమించిన వసీ, ఆ తరువాత తాత, తాత నియమించిన వసీ సంరక్షకులు. తల్లి పిల్లలను పెంచుతుంది గాని వారి ఆస్తికి సహజ సంరక్షకురాలు కాదు. బాబాయి, పెద్ద అన్నయ్య కూడా కారు. తండ్రి చనిపోయాక పిల్లల వాటా భూమిని తల్లి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు; బాబాయి అమ్మినా చెల్లదు. జిల్లా కోర్టుకు వెళ్ళి 1890 నాటి సంరక్షకుల చట్టం కింద నియామకం తెచ్చుకోవాలి. అయితే తండ్రి తన వీలునామాలో "నా పిల్లల ఆస్తికి నా భార్యను వసీగా నియమిస్తున్నాను" అని ఒక్క వాక్యం వ్రాస్తే ఆ తల్లికి ఆ అధికారం వస్తుంది. చిన్నపిల్లలున్న ప్రతి తండ్రీ ఈ వాక్యం వ్రాయాలి. ముప్పై ఏళ్ళ యువకుడికి వీలునామా ఎందుకని నవ్వకండి. మైనరు పిల్లలు ఉండేది ఆ యువకుడి ఇంట్లోనే.

మూడవది హిబా. జీవించి ఉండగా తన ఆస్తిని ఎంతైనా, ఎవరికైనా ఇవ్వవచ్చును. షరతులు మూడు: ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకునేవారు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం. మూడవది లేకుంటే మొదటి రెండూ వృథా. కాగితం కొడుకు పేరున వ్రాసి, కౌలు సొమ్ము తానే తీసుకుంటూ, పాసుపుస్తకం తన బీరువాలోనే ఉంచుకుంటే ఆ హిబా రేపు కోర్టులో నిలవడం కష్టం. చావు భయంతో మంచం పట్టిన జబ్బులో చేసిన హిబాకు కూడా వీలునామాకు ఉన్న పరిమితులే ఉంటాయి.

మన రాష్ట్ర హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన హఫీజాబీ, షేక్ ఫరీద్ కేసు ఉన్నది. 1968లో ఒక తండ్రి ముగ్గురు కొడుకులలో ఒకరికి హిబా వ్రాసి, అదే సంవత్సరం చనిపోయాడు. ఆ కాగితం రిజిస్టర్ కాలేదు. మూడు షరతులు నెరవేరితే ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ తీర్పు చూపించి, చూశారా రిజిస్ట్రేషన్ అక్కరలేదు అంటారు కొందరు. నేను ఆ తీర్పులోని సంవత్సరాలను చూస్తాను. 1968 నుంచి 2011కు 43 సంవత్సరాలు. హక్కు నిలిచింది సరే, ఒక తరం కాలం గడిచిపోయింది. రిజిస్టర్ చేయించడానికి అయ్యే ఖర్చు అంతకంటె ఎక్కువా?

హిబాలో న్యాయం కూడా ఉండాలి. నూమాన్ బిన్ బషీర్‌కు తండ్రి ఒక కానుక ఇచ్చి ప్రవక్తను సాక్షిగా ఉండమంటే, మిగిలిన పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగారు. లేదంటే, సాక్ష్యానికి నిరాకరించారు. కూతుళ్ళ వాటా తప్పించడానికి బ్రతికి ఉండగానే భూమి అంతా కొడుకుల పేరున హిబా చేసే తండ్రులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. కాగితం చట్టం దగ్గర చెల్లవచ్చును. అల్లాహ్ దగ్గర చెల్లుతుందా?

ఉన్నదంతా పిల్లలకు వ్రాసి తల్లిదండ్రులు నిరాధారులు కావద్దు. ఇచ్చే పక్షంలో, పోషణ బాధ్యతను దస్తావేజులోనే స్పష్టంగా వ్రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, పోషిస్తామన్న షరతుపై ఆస్తి తీసుకుని నిర్లక్ష్యం చేస్తే, ఆ బదిలీని రద్దు చేయమని రెవెన్యూ డివిజనల్ అధికారి ఎదుట ఉన్న ట్రిబ్యునల్‌ను కోరవచ్చును.

కుటుంబం కోసం చేసే వక్ఫ్, అంటే వక్ఫ్ అలల్ ఔలాద్ ఆలోచన ఉన్నవారు 2025 సవరణ చట్టాన్ని న్యాయవాదితో చదివించుకోండి. ఇప్పుడు వ్రాతపూర్వక వక్ఫ్ దస్తావేజు తప్పనిసరి. వారసులకు, స్త్రీలతో సహా, హక్కు లేకుండా చేసే వక్ఫ్ కుదరదు. వక్ఫ్ చేసేవారు అయిదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నట్లు చూపాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ చట్టంలో మనం వ్యతిరేకించవలసినవి చాలా ఉన్నాయి. అయితే ఆడపిల్ల హక్కును పోగొట్టవద్దు అనే మాట మనకు బయటివారు చెప్పవలసిన పరిస్థితి ఎందుకు వచ్చిందని కూడా మనల్ని మనం అడగాలి.

ఇంట్లో ఉండవలసిన పుస్తకం

భూమి లేని కుటుంబాలకు ఇదంతా ఎందుకు అనవచ్చును. కౌలు రైతుకు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు ఉంటాయి. వాటి రశీదు ఉంటుంది. పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరుడికి దూదేకే యంత్రం, దుకాణం అడ్వాన్సు ఉంటాయి. కూలీకి ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం పట్టా ఉంటుంది. అసైన్డ్ భూమి అమ్మకానికి ఆంక్షలు ఉన్నా వారసత్వంగా సంక్రమిస్తుంది. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు, 436 రూపాయలు ప్రధానమంత్రి బీమా పథకాలకు కోత పడుతూ ఉండవచ్చును. ఇంట్లో ఎవరికీ తెలియక ఆ రెండు లక్షలు అడగని కుటుంబాలు ఉన్నాయి.

కనుక ప్రతి ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. అప్పును వ్రాసిపెట్టుకోమని సూరా బఖరా మనకు ఆదేశించింది. ఆ పుస్తకంలో మనం ఇవ్వవలసినవి, మనకు రావలసినవి, భార్య మహర్ ఎంత, చెల్లించినది ఎంత, పొలం సర్వే నంబర్లు, దస్తావేజు నంబర్లు, బ్యాంకు ఖాతాలు, చీటీలు, తాకట్టు నగలు వ్రాయండి. ఇతరుల అమానత్ మన దగ్గర ఉంటే అది కూడా వ్రాయండి. ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో భార్యకు తెలియాలి.

తరువాత పేర్లు. మన సమాజానికి ఇది ప్రత్యేకమైన చిక్కు. ఒకే మనిషి పాసుపుస్తకంలో షేక్ మస్తాన్, ఆధార్‌లో మస్తాన్ వలి షేక్, బ్యాంకులో ఎస్.కె. మస్తాన్. స్త్రీలకు ఒకచోట బీ, ఒకచోట బీబీ, మరొకచోట బేగం. మనిషి బ్రతికి ఉండగా ఈ తేడా ఒక దరఖాస్తుతో సరి అవుతుంది. పోయిన తరువాత ఆ ఇద్దరూ ఒకరే అని నిరూపించడానికి వితంతువు ఎన్నిసార్లు ఆఫీసు మెట్లు ఎక్కాలో నేను కళ్ళారా చూశాను. అడంగల్, వన్-బి తీసి చూసుకోండి. తాత పేరున నిలిచిపోయిన భూమి ఉంటే ఈ సంవత్సరమే మ్యుటేషన్ చేయించండి. రెండు తరాల తరువాత వారసుల సంఖ్య ముప్పై అవుతుంది; అందరి సంతకాలు ఎవరు తేగలరు?

నామినీ గురించి ఒక అపోహ. బ్యాంకులో నామినీగా ఉన్నవాడు సొమ్ము అందుకునే మనిషి మాత్రమే. వారసులందరి తరఫున అది అతని చేతిలో అమానత్. తల్లి నామినీగా పెట్టిన కొడుకు ఆ సొమ్ము తనదే అనుకోరాదు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టే వీలు వచ్చింది. వాడుకోండి. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబ పింఛను మాత్రం తర్కాలో భాగం కాదు. నిబంధనల ప్రకారం అర్హులైన వారికే చెందుతుంది.

మరణం జరిగిన తరువాత క్రమం ఇది. 21 రోజులలోగా మరణాన్ని నమోదు చేయించండి. తహశీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోండి. అందులో వివాహితలైన కూతుళ్ళ పేర్లు, ముసలి తల్లి పేరు తప్పక ఉండాలి. బ్యాంకు డిపాజిట్లకు, రావలసిన బాకీలకు అవసరమైతే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికేటు తీసుకోండి. అప్పులు, మహర్ తీర్చండి. ఫరాయిజ్ తెలిసిన ఆలిమ్ చేత వాటాలు లెక్క వేయించి, పారీఖత్తు రిజిస్టర్ చేయించి, ఎవరి పేరున వారికి పాసుపుస్తకం తెప్పించండి. "చెహల్లుం కాకముందే పంపకాలా, నలుగురూ నవ్వుతారు" అంటారు. నలుగురు నవ్వితే పోయేది ఏమీ లేదు. ఆలస్యమైతే అన్నదమ్ముల ముఖాలు ఒకరికొకరు చూసుకోని రోజు వస్తుంది.

మస్జిద్ కమిటీలకు మనవి

చివరగా కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన మస్జిద్‌లలో రంగులకు, మైకులకు, జల్సాలకు చందాలు పోగవుతాయి. నెలకు ఒక ఆదివారం ఒక ఆలిమ్‌ను, ఒక న్యాయవాదిని, రెవెన్యూ కాగితాలు తెలిసిన ఒక పదవీ విరమణ ఉద్యోగిని రెండు గంటలు కూర్చోబెట్టండి. వచ్చినవారి కాగితాలు చూడనివ్వండి. స్త్రీలు నేరుగా వచ్చి అడిగే ఏర్పాటు ఉండాలి. ఎందుకంటే ఎవరి హక్కు పోతున్నదో వారే ప్రశ్న అడగాలి. నికాహ్ చదివించే రోజున మహర్ ఎంత, ఎంత చెల్లించారు, మిగిలినది ఎప్పుడు అని నికాహ్‌నామాలో స్పష్టంగా వ్రాయించి, ఒక ప్రతి వధువు చేతికి ఇప్పించండి. ఈ రెండు పనులకు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

అల్లాహ్ తన గ్రంథంలో నమాజు రకాతుల సంఖ్యను వివరించలేదు, జకాత్ శాతాన్ని వివరించలేదు. వాటిని ప్రవక్త ద్వారా నేర్పించాడు. వారసత్వ వాటాలను మాత్రం సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు అని స్వయంగా లెక్కవేసి చెప్పాడు. అంత స్పష్టంగా చెప్పిన దానిలో మనం గట్లు జరపకూడదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక తెల్లకాగితం తీసుకుని, మన మీద ఎవరి హక్కు ఎంత ఉన్నదో వ్రాయడం మొదలుపెడదాము. ఆ జాబితాలో మొదటి పేరు మన చెల్లెలిదే కావచ్చును.

హక్కుదారుల హక్కులు తీర్చి తన ముందు నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్. అస్సలాము అలైకుమ్.